జనగామ కాటా, రెండు కంపైలర్లు

ఆ సోమవారం జనగామ మార్కెట్ యార్డులో కంప్యూటర్ కాటా ఎక్కిన మొదటి బండి బుచ్చవ్వది. నేలకు సమంగా పరిచిన ఇనుప పలక, పక్కన చిన్న గది, గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. పత్తి నిండా తొక్కిన ఎడ్లబండి పలక మీదికి రాగానే తెర మీద అంకెలు వెలిగాయి. చుట్టూ చేరిన రైతులు ఈలలు వేశారు. బుచ్చవ్వ పత్తి దింపుకుని, ఖాళీ బండితో మళ్లీ కాటా ఎక్కింది. అంకెలు కదల్లేదు. నిండు బండి ఎంత తూగిందో ఖాళీ బండీ అంతే తూగింది. నిండు బండిలోంచి ఖాళీ బండి తీసేసి, ప్రింటరు గరగరమంటూ చక్కటి తెలుగు అక్షరాల్లో చీటీ ఇచ్చింది. పత్తి బరువు: సున్న.

బుచ్చవ్వ చీటీని కిటికీలోంచి లోపలికి చాచింది.

"ఏంది బిడ్డా గిది? నా పత్తి ఏమైపాయె? గాలిల కలిసెనా?"

లోపల కూచున్న సరోజ చీటీని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కాటా నుంచి బరువు తెచ్చి కంప్యూటరుకు అందించే ప్రోగ్రాం రాసింది తనే. అట్లాంటి ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అదే డ్రైవర్ ఎండాకాలం నుంచి భూపాలపల్లి బొగ్గు గని దగ్గర లారీల కాటా మీద పొల్లుపోకుండా నడుస్తోంది. ఇక్కడ దానికి ఏమొచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

రెండో బండికీ అదే అంకె. మూడో బండికీ అదే. కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణాల అరుగుల మీద సావుకార్లు నవ్వుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల చేతి కాటాల్లో మోసం ఉందని రైతులు రెండేళ్లుగా పోరాడి తెప్పించుకున్న కంప్యూటర్ కాటా అది. మధ్యాహ్నానికి మార్కెట్ సెక్రటరీ గదిలోకి వచ్చాడు. మంచివాడే, కానీ రెండు వైపులా నలుగుతున్నాడు.

"వచ్చే సోమవారం దాక చూస్త. అప్పటికి గాకుంటె మళ్ల పాత కాటాలే. నా చేతుల ఏం లేదమ్మా."

సరోజ హన్మకొండలో వెంకట్రాం నడిపే చిన్న కంపెనీలో పనిచేస్తుంది. వెంకట్రాంది జనగామే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి చదువు ఆగినప్పుడు రేడియోలు విప్పడం నేర్చుకున్నాడు. ఆ విప్పడమే పెరిగి పెరిగి ఎలక్ట్రానిక్ కాటాల దాకా వచ్చింది. కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇద్దరే. ఒకరు సరోజ, మానుకోట పిల్ల, వరంగల్ పాలిటెక్నిక్‌లో చదివింది. రెండో మనిషి సురేందర్, వెంకట్రాం బావమరిది. రఘునాథపల్లి వైపు భూములున్న ఇంటివాడు, హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివాడు. అక్కడి హాస్టల్లో కోస్తా పిల్లలు తన యాసను వెక్కిరించినప్పటి నుంచి పుస్తకాల భాష మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ యార్డు గదిలోనే తలుపు దగ్గరేసుకుని కూచున్నారు.

"డ్రైవర్‌లోనే ఎక్కడో తప్పుంది సరోజా," అన్నాడు సురేందర్. "మరోసారి చూసుకో."

"అదే రాత భూపాలపల్లిల మంచిగ నడుస్తున్నది సార్. కాటా తీగ తగిలించే కార్డు నంబరు తప్ప అక్షరం మార్చలె. మారింది కంపైలరే."

ప్రోగ్రామును మనిషికి అర్థమయ్యే భాషలో రాస్తారు. యంత్రానికి ఆ భాష రాదు. మధ్యలో ఉండి ఆ రాతను యంత్రం మాటల్లోకి మార్చేది కంపైలర్. భూపాలపల్లి పని పాత కంపైలర్‌తో చేశారు. జనగామ రైతులు చీటీ తెలుగులో కావాలన్నారు. తెలుగు అక్షరాల బొమ్మలన్నీ పాత కంపైలర్‌లో ఇమడలేదు. సురేందర్ హైదరాబాదు నుంచి కొత్త వర్షన్ తెచ్చి, డ్రైవర్‌నూ చీటీ ప్రోగ్రామునూ అన్నిటినీ దాంతోనే తయారుచేశాడు.

"కొత్త కంపైలర్ తప్పు చేస్తుందా? ప్రపంచమంతా వాడుతున్నారు దాన్ని," అన్నాడు సురేందర్.

"తప్పని నేను అంటలేను సార్. పాతదాంతోని ఒకసారి చేసి చూద్దామంటున్న."

సురేందర్ గోడవైపు చూస్తూ చెప్పాడు. "అది లేదు. డిస్కులో చోటు చాలకపోతే తీసేశాను. కొత్తది వచ్చాక పాతది ఎందుకనుకున్నాను."

వెంకట్రాం తల పట్టుకున్నాడు. సరోజకు కోపం వచ్చింది కానీ మింగేసింది. "దాని ఫ్లాపీలు మా ఇంట్ల ఉన్నయి. రేపు మానుకోట పోయొస్త," అంది.

మరునాడు పొద్దున రైలుకే మహబూబాబాద్ స్టేషనులో దిగింది. ఊరివాళ్ల నోట్లో అదే మానుకోట. తండ్రి యోహాను రైల్వే గ్యాంగులో పనిచేసి రిటైరైనవాడు. ఇప్పుడు చర్చి మైకుసెట్టు ఆయన చేతిలోనే ఉంటుంది. పండగకు, పెళ్లికి, చావుకు దాన్ని బిగించేదీ విప్పేదీ ఆయనే. కూతురిని చూడగానే మొహం చాటంత చేసుకుని, ఫ్లాపీల మాట వినగానే లోపలికి నడిచాడు.

"నీ డబ్బా పానం లెక్క చూసుకున్న బిడ్డా. కింద పెడితె చెదలు, అటక మీద పెడితె ఎలుకలు. అందుకే మంచి జాగల పెట్టిన."

ఆ మంచి జాగా ఏదో చూసి సరోజ గుమ్మంలోనే ఆగిపోయింది. చర్చి పెద్ద స్పీకరు డబ్బా మీద, శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి, దాని మీద ఫ్లాపీల పెట్టె. స్పీకరు లోపల పిడికెడంత అయస్కాంతం ఉంటుంది. ఫ్లాపీ మీద రాసిందంతా అయస్కాంతపు రాతే. స్టేషను రోడ్డులోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కంప్యూటరు ఉంటే అక్కడికి తీసుకుపోయి చూసింది. ఒక్కటీ తెరుచుకోలేదు.

తిరిగొచ్చి సంగతి చెప్పగానే యోహాను మంచం మీద కూలబడ్డాడు.

"నా చేతులార నీ కొలువుకు ఎసరు పెడితినా?"

"ఊకో నాయినా. నీకేం తెలుసు? చెప్పకపోవుడు నాదే తప్పు."

"ఇంకేడ దొరకదా అది?"

దొరికే చోటు ఒక్కటే ఉంది. ఎండాకాలంలో భూపాలపల్లి కాటా బిగించినప్పుడు పనులు అక్కడికక్కడే సరిచేయాల్సి వచ్చి, సరోజ పాత కంపైలర్‌ను గని ఆఫీసు కంప్యూటరులోనే పెట్టుకుంది. పోయేటప్పుడు తీసేయలేదు. ఇప్పటిదాకా ఎవరూ తుడిచేయకుండా ఉంటే అక్కడే ఉండాలి.

"రేపు పోదాం పా," అన్నాడు యోహాను, తనను పిలవకపోయినా.

వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి పరకాల మీదుగా బస్సు. పత్తి చేలు వెనక్కి పోతుంటే యోహాను ఖాళీ ఫ్లాపీలున్న సంచిని ఒళ్లో పెట్టుకుని, బస్సు ఇనుము ఎక్కడా తగలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇనుముతో ఏమీ కాదని సరోజ చెప్పినా వినలేదు. "నాకు నమ్మకం లేదు," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. సోమవారం నుంచి అదే మొదటి నవ్వు.

భూపాలపల్లిలో అప్పటికి అన్నీ సగం సగమే. సగం వేసిన రోడ్లు, సగం కట్టిన క్వార్టర్లు, వాటి మధ్య నల్లటి దుమ్ము రేపుతూ బొగ్గు లారీలు. కాటా ఆఫీసులో కంప్యూటరు నడిపే దయాకర్ ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. విషయం విని చెవి గోక్కున్నాడు.

"నువ్వు పెట్టిపోయిందేదీ నేను ముట్టలె అక్కా. గదేందో తెల్వకనే ముట్టలె. ముడితె కాటా ఆగుతదేమో అని భయం."

కంప్యూటరు మాత్రం వెంటనే ఖాళీ కాలేదు. గేటు దాకా లారీలు వరుస కట్టి ఉన్నాయి. అన్నాల వేళకు వరుస తెగిన తర్వాత దయాకర్ లేచి కుర్చీ ఇచ్చాడు. సరోజ డిస్కు తెరిచి చూసింది. ఉంది. పాత కంపైలర్, దాని సరంజామా అంతా, ఎక్కడ పెట్టిందో అక్కడే. సంచిలోని ఫ్లాపీల మీదికి ఒక్కొక్కటిగా ఎక్కించుకుంది.

అప్పుడే బల్ల మీది ఫోను మోగింది. ఎక్కడికి పోతున్నదీ ఆమె ముందురోజే కబురు చేసింది కాబట్టి, వెంకట్రాం జనగామ నుంచి చేశాడు. గరగరల మధ్య అరుస్తున్నాడు.

"సరోజా, సురేందర్ ఒకటి కనిపెట్టిండు! మిషన్ బంద్ చేసి మళ్ల చాలు చేస్తె మొదటి బండి బరువు సరిగ్గనే వస్తున్నదట. రెండోదాని కాన్నుంచే మొండికేస్తున్నది. నిన్న పొద్దటి నుంచి బండి బండికీ బంద్ చేసి చాలు చేసుకుంట కూసున్నడు. తీసివేత చేత్తోనే చేసి చీటీలు ఇస్తున్నడు!"

సరోజ ఫోను పెట్టి ఆ మాటలనే మళ్లీ తిరగేసుకుంది. మొదటిది సరైనదే. తర్వాతివన్నీ మొదటిదానికి నకళ్లు. అంటే కాటా మొండికేయడం లేదు. అసలు కాటాను ఎవరూ అడగడమే లేదు.

కొత్త కంపైలర్ ఫ్లాపీలు కూడా ఆమె సంచిలో ఉన్నాయి. తన డ్రైవర్ రాతను ముందు పాతదానికి, తర్వాత కొత్తదానికి ఇచ్చి, రెండూ యంత్రం కోసం ఏ మాటలు తయారుచేశాయో కాగితం మీద అచ్చు వేయించింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలు పెట్టి చదువుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"దొరికింది నాయినా."

యోహాను, దయాకర్ ఇద్దరూ ఆమె భుజాల మీదుగా వంగారు. వాళ్లకు అక్కడ గీతలూ అంకెలూ తప్ప ఏమీ కనిపించలేదు.

"నేను రాసిందేందంటె, కాటా కాడికి పోయి బరువు చూడు, మళ్ల పోయి చూడు, మళ్ల మళ్ల చూడు అని. పాతది చెప్పింది చెప్పినట్టు ప్రతిసారి పోతున్నది. కొత్తది తెలివైంది. ఒకసారి పోయి చూసింది, ఇంక మారేదేముందిలే అనుకున్నది, ఆ అంకెనే జేబుల వేసుకుని ఎన్నిసార్లడిగినా అదే చూపెడుతున్నది."

యోహాను పెద్దగా నవ్వాడు. "మా చిన్నప్పుడు చర్చికి వచ్చే ఇంగ్లీషు దొరసాని ప్రసంగానికి ఇద్దరు దుబాసీలు ఉండేటోళ్లు. ఆమె 'రండి, రండి, రండి' అంటె ఒకాయన మూడుసార్లు అనేటోడు. ఇంకొకాయన 'రమ్మంటున్నరు' అని కూసునేటోడు. ఆయనది తప్పంటవా?"

ఆ ప్రశ్న సరోజను గుచ్చుకుంది. తప్పు కొత్త కంపైలర్‌ది కాదు. చూసిన ప్రతిసారీ ఆ అంకె మారవచ్చని తన రాతలో ఎక్కడా చెప్పలేదు. పాతది అమాయకంగా పని చేసుకుపోయింది కాబట్టి ఆ లోటు బయటపడలేదు. మూడు రోజులుగా సురేందర్ మీద పెంచుకున్న కోపంలో సగం ఆమెకు అక్కడే కరిగిపోయింది. డిస్కు తుడిచినందుకు ఉన్న మిగతా సగం మాత్రం అట్లాగే ఉంచుకుంది.

తండ్రిని మానుకోటలో దించి, ఆమె జనగామలో దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. యార్డు గదిలో సురేందర్ తల మీద, కనుబొమల మీద పత్తి నూగు. స్విచ్చు మీద పెట్టిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కిటికీ బయట బండ్లవాళ్లు కేకలు వేస్తుంటే ఆయన అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు.

"జర ఆగుండ్రయ్యా! మిషన్ లేవాలె గద! అందరియి తూకమేస్త, ఒక్కరిని గూడ ఊకె తోలియ్య!"

ఆ యాస ఆయన నోట వినడం సరోజకు అదే మొదటిసారి. ఆమెను చూసి ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. ఆమె కాగితాలు బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"మీరు కనిపెట్టింది ఫోన్ల తెల్వకపోతే నాకు దొరకకపోయేది సార్."

"నేను తుడవకపోతే నువ్వు అంత దూరం పోవాల్సిన పనే ఉండకపోయేది," అన్నాడు సురేందర్. ఆ మాటతో ఆమె దగ్గర మిగిలిన సగం కోపం కూడా పోయింది.

శనివారం పొద్దున బండ్లు తక్కువగా ఉన్నప్పుడు ఇద్దరూ పనిలో దిగారు. డ్రైవర్‌ను పాత కంపైలర్‌తో, తెలుగు చీటీని కొత్తదాంతో విడివిడిగా తయారుచేసి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేట్టు చేయాలని అనుకున్నారు. సులువే అనిపించింది. కానీ రెండు కంపైలర్లనూ ఒకే డిస్కులో పెట్టగానే కొత్త గోల మొదలైంది. పాతది తన సరంజామా వదిలి కొత్తదాని ఫైళ్లు తీసుకుంటోంది. పేర్లు ఒకటే, లోపల ఉన్నవి వేరు. ఒకసారి తప్పులంటూ ఆగిపోయింది. ఇంకోసారి ఆగలేదు కానీ బరువు బదులు పిచ్చి అంకెలు వచ్చాయి.

సరోజ విసుగెత్తి కుర్చీ వెనక్కి నెట్టింది. "రెండూ ఒకటే ఇంట్ల ఉండయి సార్. నేను హన్మకొండ పోయి వేరే మిషన్ల చేసుకొస్త."

"ఉంటయి. నువ్వు జర లే," అన్నాడు సురేందర్.

ఇట్లాంటి సర్దుబాట్లలో ఆయనది మంచి చెయ్యి. రెండింటికీ డిస్కులో వేరు వేరు గదులు కట్టాడు. తర్వాత రెండు చిన్న ఆజ్ఞల ఫైళ్లు రాశాడు. ఒకటి నడిపితే కంప్యూటరు కంటికి పాత కంపైలర్, దాని సామాను మాత్రమే కనిపిస్తాయి. కొత్తది ఉన్నట్టే తెలియదు. రెండోది నడిపితే దీనికి తలకిందులు. అంతటితో ఆగకుండా, తయారైన ప్రతి ప్రోగ్రామూ మొదలవగానే తాను ఏ కంపైలర్‌తో పుట్టిందో తెర మీద ఒక వరుసలో చెప్పుకునేట్టు చేశాడు. "ఇక ముందు ఎవ్వరూ నాలాగ ఊహించి పని చేయొద్దు," అన్నాడు.

సరోజ ఆ వరుసలు చదివి తల ఊపింది. "ఇది నాకు తట్టకపోయేది సార్."

మధ్యాహ్నానికి రెండు ముక్కలూ కలిశాయి. సరోజ కాటా మీద నిలబెట్టిన ఖాళీ బండిలోకి యార్డు హమాలీలతో పత్తి బోరాలు ఒక్కొక్కటిగా ఎక్కించింది. ప్రతి బోరాకూ అంకె పెరిగింది. దింపుతుంటే తగ్గింది. వెంకట్రాం బయట నిలబడి, పరీక్ష రాసే పిల్లవాడి తండ్రిలా గుమ్మం పట్టుకుని చూశాడు.

సోమవారం యార్డు బండ్లతో నిండింది. సున్న చీటీ కథ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది, పత్తి లేనివాళ్లు కూడా చూద్దామని వచ్చారు. బుచ్చవ్వ ఇంకో బండెడు పత్తితో వరుసలో ఉంది. తన వంతు రాగానే నిండు బండి తూచింది, దింపింది, ఖాళీ బండితో వచ్చింది. చీటీ తీసుకుని అంకెల మీద వేలు నడిపింది. బండిని కాటా దింపి, ఒక చుట్టు తిప్పి, మళ్లీ ఎక్కించింది.

"ఇంకోపాలి చూడు బిడ్డా."

సరోజ చూసింది. ఖాళీ బండికి ఇందాకటి బరువే. బుచ్చవ్వ ఈసారి నలుగురు ఆడవాళ్లను పిలిచి బండిలో కూచోబెట్టింది. అంకె పెరిగింది. వాళ్లను దింపింది. తగ్గింది. వెనక వరుసలో కేకలు మొదలైనా ఆమె తొణకలేదు.

"మంచిది," అంది చివరికి, చీటీని కొంగున ముడేసుకుంటూ. "ఇప్పుడు చూస్తున్నది. మొన్న కండ్లు మూసుకున్నది."

సెక్రటరీ పాత కాటాల మాట మళ్లీ ఎత్తలేదు. అరుగుల మీద సావుకార్లు కూడా ఆ రోజు నుంచి కంప్యూటర్ చీటీ చూసే రేటు మాట్లాడారు.

ఆ నెలాఖరులో హన్మకొండ ఆఫీసులో సరోజ కొత్త కంపైలర్ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఫలానా అంకె ఎప్పుడైనా మారవచ్చు, ప్రతిసారీ వెళ్లి చూడు అని చెప్పడానికి అందులో ఒక మాటే ఉంది. డ్రైవర్‌లో ఆ ఒక్క మాట చేర్చి కొత్తదాంతో తయారుచేసింది. చక్కగా నడిచింది. సంబరంగా సురేందర్ బల్ల దగ్గరికి పోయింది.

"సార్, ఇంక పాత కంపైలర్‌తోని పనిలేదు. కొత్తగ ఒప్పుకున్న మానుకోట మిర్చి యార్డు కాటా మొత్తం కొత్తదాంతోనే చేద్దాం. పాతది తీసేస్త."

సురేందర్ ఉలిక్కిపడి లేచాడు. "ఏంది, తీసేస్తవా? భూపాలపల్లి కాటా దాంతోనే గద నడుస్తున్నది? రేపు అక్కడ ఏమన్న మార్చాల్నంటె?"

"అది గూడ కొత్తదానికి మారుద్దాం సార్."

"మార్చినంక, మూడు నెలలు నడిచినంక, అప్పుడు మాట్లాడుదాం. అప్పటిదాక దాని జోలికి పోతె ఒప్పుకోను."

"మూడు నెలలెందుకు సార్, ఒక నెల చాలదా?"

"రెండు."

"మిర్చి యార్డువాళ్లు ఫోన్ల ఉన్నరు, కాటా ఎప్పుడు బిగిస్తమో చెప్పుండ్రి," అని లోపలి గదిలోంచి వెంకట్రాం కేకేశాడు. ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు. సరోజ కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. నెలన్నర దగ్గర బేరం ఇంకా నడుస్తూనే ఉంది.